కీపాస్ ఎక్స్‌సీ: మా డీటీపీ షాపులో రెండేళ్లకు పైగా వాడాక

హనుమకొండలో నాకొక డీటీపీ, ఆన్‌లైన్ షాపు ఉంది. నాలుగు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ మిషన్. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు కొడతాం. ఎండాకాలం అయిపోయిందంటే దోస్త్ (డిగ్రీ కాలేజీ సీట్ల ఆన్‌లైన్ దరఖాస్తు) పిల్లలు, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ పిల్లలు, వాళ్ల వెనకాల తల్లిదండ్రులు. ఏడాది పొడుగునా పీఎఫ్ డబ్బుల కోసం, పాన్ కార్డు కోసం, రైలు టికెట్ల కోసం వచ్చేవాళ్లు ఉండనే ఉంటారు. వీళ్లలో ప్రతి ఒక్కరికీ ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. దాన్ని నా కీబోర్డ్ మీదే కొడతారు. ఈ మాట ఎంత బరువైనదో నాకు 2023 దాకా తెలియలేదు.

కీపాస్ ఎక్స్‌సీ అనేది పాస్‌వర్డ్‌లు దాచుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. అన్ని పాస్‌వర్డ్‌లూ ఒకే ఫైల్‌లో, తాళం వేసి, మన కంప్యూటర్‌లోనే ఉంటాయి. మనం గుర్తుపెట్టుకోవలసింది ఆ ఫైల్‌ను తెరిచే ఒక్క మాస్టర్ పాస్‌వర్డే. విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో నడుస్తుంది. కోడ్ అందరికీ బాహాటంగా ఉంటుంది. అంతకు ముందున్న కీపాస్ ఎక్స్ అనే ప్రాజెక్టు నెమ్మదించడంతో, 2016లో కొందరు వాలంటీర్లు దాని కోడ్ తీసుకుని దీన్ని మొదలుపెట్టారు. షాపులోనూ, ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనూ రోజూ వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: సొంత కంప్యూటర్ ఉన్న ప్రతి ఒక్కరూ వాడదగ్గది. అయితే ఇది ఏ దొంగను ఆపుతుందో, ఏ దొంగను ఆపలేదో తెలుసుకుని వాడాలి. ఆ తేడా నేను నష్టపోయి నేర్చుకున్నాను.

2023 జూన్. పెళ్లి కార్డుల డిజైన్లు ఒక పెద్ద ప్యాక్‌గా ఉచితంగా ఇస్తామని ఒక వీడియో కింద లింక్ కనిపించింది. డౌన్‌లోడ్ చేశాను. జిప్ ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉంది, ఆ పాస్‌వర్డ్ కూడా వీడియో కిందే రాసి ఉంది. "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీ వైరస్ ఆపండి" అని కూడా రాశారు. ఆపాను. నా చేత్తో నేనే ఆపాను. జిప్‌కు పాస్‌వర్డ్ ఎందుకు పెడతారో తర్వాత తెలిసింది: అలా పెడితే లోపల ఏముందో యాంటీ వైరస్ తెరిచి చూడలేదు.

ఫైల్ రన్ చేస్తే స్క్రీన్ మీద ఏమీ జరగలేదు. పాడైన ఫైల్ అనుకుని తీసేశాను. మూడో రోజు పొద్దున నా మెయిల్‌లోకి నాకే ప్రవేశం లేదు. మధ్యాహ్నానికి షాపు పేరుతో ఉన్న పేజీలో ఎవరివో లాటరీ ప్రకటనలు. మెయిల్‌కు రెండంచెల భద్రత ఉంది కదా, ఫోన్‌కు కోడ్ రాకుండా ఎలా దూరారని తల పట్టుకున్నాను. జరిగిందేమిటంటే, ఆ దొంగ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు, నేను అప్పటికే లాగిన్ అయి ఉన్నట్టు గుర్తుగా బ్రౌజర్ ఉంచుకునే కుకీలను కూడా ఎత్తుకుపోయింది. ఆ కుకీ చేతిలో ఉంటే వెబ్‌సైట్ దృష్టిలో వాళ్లే నేను. కోడ్ అడగదు. మెయిల్ తొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది. పేజీ రాలేదు.

నా సంగతి సరే. ఆ కంప్యూటర్ బ్రౌజర్‌లో నావి కాని పాస్‌వర్డ్‌లు 31 సేవ్ అయి ఉన్నాయి. కస్టమర్లు లాగిన్ అయినప్పుడు "సేవ్ చేయనా" అని బ్రౌజర్ అడుగుతుంది, హడావుడిలో ఎవరో ఒకరు సరే అని నొక్కుతారు. అందులో మా షాపుకు పదేళ్లుగా వచ్చే రిటైర్డ్ టీచర్ గారిది కూడా ఉంది. పెన్షన్ కాగితాలన్నీ ఆమె ఆ మెయిల్‌కే తెప్పించుకుంటారు. ఆ 31 మందిలో ఫోన్ నంబర్ దొరికిన వాళ్లందరికీ ఫోన్ చేశాను. టీచర్ గారికి మాత్రం ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు, ఇంటికే వెళ్లి చెప్పాను. ఆమె కోప్పడలేదు. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పు బాబూ" అన్నారు. ఆమె ఫోన్‌లోనే పాస్‌వర్డ్ మార్చి, అన్ని చోట్లా లాగౌట్ చేయించి వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగు కంప్యూటర్లలోనూ విండోస్ కొత్తగా వేయించి, ఆ తర్వాతే కీపాస్ ఎక్స్‌సీ ఎక్కించాను. ఈ వరుస ముఖ్యం. దొంగ ఇంట్లో ఉండగా బీరువా కొని లాభం లేదు.

ఇక వాడకం గురించి. ఇన్‌స్టాల్ చేయడం పది నిమిషాల పని. కొత్త డేటాబేస్ (అంటే పాస్‌వర్డ్‌లు ఉండే ఆ ఫైలే) అని నొక్కి, పేరు పెట్టి, మాస్టర్ పాస్‌వర్డ్ ఇస్తే చాలు. ఎన్‌క్రిప్షన్, అంటే ఫైల్‌కు తాళం వేసే పద్ధతి, సెట్టింగ్‌లు ఉన్నవి ఉన్నట్టే వదిలేశాను, మామూలు వాడకానికి అవి బాగానే ఉంటాయి. పాస్‌వర్డ్‌లు తయారుచేసే మిషన్ అందులోనే ఉంది. ఇరవై అక్షరాల గజిబిజి కావాలంటే అది, నాలుగైదు మాటల వరుస కావాలంటే అది. హెల్త్ చెక్ అనే చోట ఏ పాస్‌వర్డ్ బలహీనమో, ఏది రెండు చోట్ల వాడామో చూపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నావి చాలా వరకు ఎర్రగా కనిపించాయి.

నేను దీన్ని ఇష్టపడటానికి అసలు కారణం వేరే ఉంది: పాస్‌వర్డ్ కీబోర్డ్ మీదుగా వెళ్లదు. అదెందుకు గొప్పో చెప్పాలంటే కీలాగర్ గురించి చెప్పాలి. మనం ఏ కీ నొక్కామో చాటుగా రాసుకునేదే కీలాగర్. అది ఎలా పనిచేస్తుందో మాలాంటి డీటీపీ వాళ్లకు అర్థం కావడం తేలిక. తెలుగు టైపింగ్‌కు వాడే కీబోర్డ్ మేనేజర్లు చాలా వరకు చేసే పని ఏమిటి? మనం ఇంగ్లిష్ కీ నొక్కితే మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మార్చి పంపుతాయి. అంటే కీబోర్డ్‌కూ, మనం టైపు చేసే కిటికీకీ మధ్యలో ఒక ప్రోగ్రాం కూర్చుని ప్రతి కీనీ చూడటానికి విండోసే దారి ఇస్తుంది. అదే దారిలో దొంగ కూడా కూర్చోగలడు. తెలుగు కొట్టుకుంటూ ఇన్నేళ్లు ఆ దారిని రోజూ వాడినా, ఈ ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. అందుకే ఇప్పుడు కీబోర్డ్ మేనేజర్ కూడా తయారీదారుల దగ్గర కొన్నదే వాడుతున్నాను, ఎవరో పెన్ డ్రైవ్‌లో తెచ్చిచ్చినది కాదు.

ఒక్కోసారి దొంగతనం కావాలని చేసింది కూడా కాకపోవచ్చు. 2017లో హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఆడియో డ్రైవర్ ఒకటి, నొక్కిన ప్రతి కీనీ ఒక మామూలు ఫైల్‌లో రాస్తోందని స్విస్ సెక్యూరిటీ కంపెనీ మోడ్‌జీరో బయటపెట్టింది. వాల్యూమ్ బటన్ల కోసం రాసిన ప్రోగ్రాంలో మిగిలిపోయిన పొరపాటు అది. తర్వాత సరిచేశారు. కానీ ఆ ఫైల్‌ను ఆ కంప్యూటర్ వాడే ఎవరైనా తెరిచి చదువుకోగలిగేవాళ్లు.

ఇంకో రకం కీలాగర్ సాఫ్ట్‌వేర్ కాదు, వస్తువు. చిన్న పెన్ డ్రైవ్ మూతంత ఉంటుంది. కీబోర్డ్ వైరును సీపీయూ వెనకాల పెట్టే చోట మధ్యలో గుచ్చుతారు. ఏ యాంటీ వైరస్‌కూ కనిపించదు. నలుగురు వచ్చిపోయే షాపులో ఇది పెట్టడానికి అర నిమిషం చాలు. నేను రోజూ షట్టర్ తీయగానే నాలుగు సీపీయూల వెనకాల చెయ్యి పెట్టి చూస్తాను. ఇప్పటిదాకా ఏమీ దొరకలేదు, అయినా మానను. వైర్‌లెస్ కీబోర్డ్‌లు కూడా తీసేశాను. 2016లో బాస్టిల్ అనే అమెరికన్ కంపెనీ పరిశోధకులు ఎనిమిది కంపెనీల చవక వైర్‌లెస్ కీబోర్డ్‌లు కీలను ఏ తాళమూ లేకుండా గాల్లోకి పంపుతున్నాయని చూపించారు.

కీపాస్ ఎక్స్‌సీలో పాస్‌వర్డ్ నింపడానికి మూడు దారులున్నాయి. మూడూ ఒకటి కాదు. ఈ విషయం చాలామంది పట్టించుకోరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది కాపీ, పేస్ట్. పాస్‌వర్డ్‌ను కాపీ చేస్తే పది సెకన్ల తర్వాత క్లిప్‌బోర్డ్ (కాపీ చేసింది తాత్కాలికంగా ఉండే చోటు) నుంచి దానంతట అదే తుడిచేస్తుంది. బాగానే ఉంది, కానీ ఆ పది సెకన్లలో క్లిప్‌బోర్డ్‌ను ఏ ప్రోగ్రామైనా చదవగలదు. నేను దీన్ని తప్పనిసరి అయితేనే వాడతాను.

రెండోది ఆటో టైప్. యూజర్ నేమ్ డబ్బాలో కర్సర్ పెట్టి నొక్కితే, సాఫ్ట్‌వేరే యూజర్ నేమ్, ట్యాబ్, పాస్‌వర్డ్, ఎంటర్ వరసగా కొట్టేస్తుంది. సీపీయూ వెనక గుచ్చిన వస్తువుకు ఇది దొరకదు, ఎందుకంటే వైరులో ఏమీ ప్రయాణించలేదు. కానీ లోపల కూర్చున్న సాఫ్ట్‌వేర్ కీలాగర్‌కు దొరకవచ్చు, ఎందుకంటే విండోస్‌కు ఇవి కూడా నొక్కిన కీలే. ఆటో టైప్ వాడితే ఏ కీలాగర్‌కూ చిక్కమని కొందరు నమ్మకంగా చెబుతుంటారు. అది నిజం కాదు.

మూడోది బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ మూడింటికీ ఉంది. కీ నొక్కినట్టు నటించకుండా, పాస్‌వర్డ్‌ను నేరుగా ఆ డబ్బాలో పెట్టేస్తుంది. కీలాగర్‌కు రాసుకోవడానికి ఏమీ ఉండదు. దీనికి ఇంకో మేలు ఉంది. అడ్రస్‌లోని సైటు పేరు మనం సేవ్ చేసినదానితో కలిస్తేనే నింపుతుంది. ఒకరోజు మా కుర్రాడు కరెంటు బిల్లు కట్టబోయి వెతుకులాటలో పైన వచ్చిన నకిలీ సైటు తెరిచాడు. చూడటానికి అచ్చం అసలుదే. ఎక్స్‌టెన్షన్ నింపలేదు. "అన్నా, ఇది పనిచేస్తలేదు" అని పిలిచాడు. వెళ్లి అడ్రస్ చూస్తే ఒక అక్షరం ఎక్కువ ఉంది. పనిచేయకపోవడమే అది చేసిన పని. నేను ఎక్స్‌టెన్షనే వాడతాను, మీకూ అదే చెబుతాను.

బ్యాంకు సైట్లలో స్క్రీన్ మీద కనిపించే వర్చువల్ కీబోర్డ్ సంగతి కస్టమర్లు తరచూ అడుగుతారు. బ్యాంకు పేజీలోనే ఉండే కీబోర్డ్‌ను మౌస్‌తో నొక్కితే మామూలు కీలాగర్‌కు కీలు దొరకవు. స్క్రీన్‌ను ఫొటోలు తీసే రకానికి మాత్రం దొరుకుతాయి. విండోస్‌తో వచ్చే ఆన్‌స్క్రీన్ కీబోర్డ్‌కు ఆపాటి రక్షణ కూడా లేదు, అది నొక్కినవి కూడా కీలుగానే లోపలికి వెళ్తాయి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ తేడా ఎవరికీ తెలియదు.

లోపాలకు వస్తాను. అన్నిటికన్నా పెద్దది మాస్టర్ పాస్‌వర్డ్. మిగతావన్నీ కొట్టనక్కర్లేదు, కానీ దీన్ని మాత్రం కొట్టాల్సిందే. కీలాగర్ ఉంటే తాళంచెవే పోతుంది. అసలు కీపాస్‌లో, అంటే 2003లో డొమినిక్ రైకల్ మొదలుపెట్టిన పాత సాఫ్ట్‌వేర్‌లో, మాస్టర్ పాస్‌వర్డ్‌ను విడిగా ఒక సురక్షిత తెర మీద కొట్టే సౌకర్యం ఉంది. చాలా కీలాగర్లు ఆ తెరలోకి చూడలేవు. కీపాస్ ఎక్స్‌సీలో అది లేదు. ఇది నాకు నిజంగా వెలితిగా అనిపిస్తుంది. మరి అదే వాడవచ్చు కదా అంటే, నేను వెతకడానికి కొద్ది రోజుల ముందే, 2023 మేలో, ఆ పాత కీపాస్‌లో ఒక లోపం బయటపడింది. కంప్యూటర్ మెమరీలోంచి మాస్టర్ పాస్‌వర్డ్‌ను మొదటి అక్షరం తప్ప దాదాపు మొత్తం తిరిగి రాబట్టవచ్చని తేలింది. 2023 జూన్‌లో 2.54 వెర్షన్‌తో సరిచేశారు. ఇప్పుడు భయం లేదు. అప్పటి టెన్షన్‌లో మాత్రం ఆ లోపం లేని దీనివైపే మొగ్గాను.

ఈ వెలితికి నేను చేసుకున్న ఏర్పాటు రెండు రకాలు. ఒకటి, కీ ఫైల్. మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు ఒక ఫైల్ కూడా ఉంటేనే డేటాబేస్ తెరుచుకునేలా పెట్టాను. ఆ ఫైల్ నా తాళాల గుత్తికి ఉన్న పెన్ డ్రైవ్‌లో ఉంటుంది. పాస్‌వర్డ్ ఒక్కటే దొరికినవాడికి ఏమీ రాదు. రెండు, పొద్దున ఒకసారి తెరిచాక విండోస్ హలోతో (వేలిముద్ర, ముఖం లేదా పిన్‌తో) క్విక్ అన్‌లాక్. అది పెట్టుకుంటే షాపు కట్టేదాకా మాస్టర్ పాస్‌వర్డ్ మళ్లీ కొట్టనక్కర్లేదు. నేను లేచి వెళ్లినప్పుడు దానంతట అదే లాక్ అయ్యేలా నాలుగు నిమిషాలు పెట్టాను. ఆ సెట్టింగ్ మనమే ఆన్ చేసుకోవాలి.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఒక చిన్న చిక్కు. తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉండగా మాస్టర్ పాస్‌వర్డ్ కొడితే లోపల వేరే అక్షరాలు పడతాయి. పైకి చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తెలియదు. మొదటి వారంలో మూడుసార్లు పాస్‌వర్డ్ మర్చిపోయానేమో అని గుండె జారింది. పక్కన ఉన్న కన్ను గుర్తు నొక్కితే ఏం పడిందో కనిపిస్తుంది. అయితే ముందు వెనక్కి తిరిగి ఎవరూ లేరని చూసుకోవాలి.

మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. కస్టమర్ కేర్ లేదు, ఓటీపీ లేదు. నాది ఒక కాగితం మీద రాసి, కీ ఫైల్ కాపీ ఉన్న ఇంకో పెన్ డ్రైవ్‌తో కలిపి కవర్‌లో పెట్టి, మా ఆవిడకు ఇచ్చాను. ఎక్కడ దాచిందో నన్ను అడగొద్దంది, నేనూ అడగలేదు. ఫోన్‌కు కూడా వీళ్ల సొంత యాప్ లేదు. ఆండ్రాయిడ్‌లో కీపాస్ డీఎక్స్ అనే వేరేవాళ్ల యాప్‌తో అదే ఫైల్ తెరుస్తున్నాను. షాపులో కొత్త పాస్‌వర్డ్ చేర్చిన రోజు ఫైల్‌ను ఫోన్‌లోకి నేనే మోసుకెళ్లాలి. ఇది విసుగే. ఆ విసుగు వద్దనుకునేవాళ్లకు బిట్‌వార్డెన్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉంది, దాని కోడ్ కూడా బాహాటంగానే ఉంటుంది, ఉచితంగా అన్ని పరికరాలకూ దానంతట అదే చేరుస్తుంది.

నేను మాత్రం ఫైల్ నా దగ్గరే ఉండాలనుకున్నాను. దానికి, పాస్‌వర్డ్‌లను తమ ఆన్‌లైన్ సర్వర్లలో దాచిపెట్టే లాస్ట్‌పాస్ కంపెనీకి 2022లో జరిగింది కారణం. వాళ్ల సీనియర్ ఇంజినీరు ఒకరి ఇంటి కంప్యూటర్‌లోకి వేరే ఏదో మీడియా సాఫ్ట్‌వేర్ లోపం ద్వారా దూరి, కీలాగర్ పెట్టి, ఆయన మాస్టర్ పాస్‌వర్డ్ కొడుతుండగా పట్టుకున్నారు. దానితో చివరికి వినియోగదారుల తాళం వేసిన పెట్టెల కాపీలే ఎత్తుకుపోయారు. పాస్‌వర్డ్‌లు కాపాడటమే వృత్తిగా ఉన్న మనిషి ఇంట్లో కీబోర్డ్ దగ్గరే పోయింది. ఆ వివరాలు చదివినప్పుడు నా షాపులోని నాలుగు కీబోర్డ్‌లే కళ్ల ముందు కనిపించాయి.

కంప్యూటర్‌లో దొంగ సాఫ్ట్‌వేర్ అప్పటికే ఉంటే కీపాస్ ఎక్స్‌సీ కాపాడలేదు. తెరిచి ఉన్న డేటాబేస్‌ను చదివే అవకాశం దానికి ఉంటుంది, కుకీలు ఎలాగూ బ్రౌజర్‌లోనే ఉంటాయి. 2025 మేలో మైక్రోసాఫ్ట్, ఇతర సంస్థలు కలిసి లుమా అనే ఇలాంటి దొంగ సాఫ్ట్‌వేర్ మీద దాడి చేశాయి. అప్పటికి రెండు నెలల్లోనే ప్రపంచవ్యాప్తంగా 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లకు అది సోకిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అందుకే ఇప్పుడు షాపులో క్రాక్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) అన్న మాటే లేదు. డిజైన్ల కోసం ఏడాదికి డబ్బు కడుతున్నాను. కార్డుకు రెండు రూపాయలు రేటు పెంచితే ఎందుకని అడిగినవాళ్లకు ఇదే చెప్పాను.

కస్టమర్ల విషయంలో ఒక నియమం పెట్టుకున్నాను: వాళ్ల పాస్‌వర్డ్‌లు నా కీపాస్‌లోనూ పెట్టను, బ్రౌజర్‌లోనూ పెట్టను. బయటివాళ్లకు రెండు కంప్యూటర్లే కేటాయించి, వాటిలో బ్రౌజర్ సేవ్ చేయడం పూర్తిగా ఆపేశాను. గెస్ట్ కిటికీ తెరిచి ఇస్తాను, మూసేయగానే లాగిన్ గుర్తులన్నీ పోతాయి. ఫోన్‌లో అయ్యే పనైతే "నీ ఫోన్‌లోనే చెయ్యి తమ్ముడూ, చెప్తా" అంటాను. అలా చెప్పిన ప్రతిసారీ నాకు ఇరవై, ముప్పై రూపాయలు పోతాయి. పోనీ.

పోయిన నెల టీచర్ గారు కొత్త ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. కొడుకు కొనిచ్చాడట. "నీ దగ్గర ఉన్న ఆ తాళంపెట్టె దీంట్లో వెయ్యి" అన్నారు. కీపాస్ ఎక్స్‌సీ వేసి, ఎక్స్‌టెన్షన్ కలిపి, డేటాబేస్ తయారుచేసే తెర దాకా తెచ్చాను. మాస్టర్ పాస్‌వర్డ్ అడిగే చోట ఆపి, ఎవరికీ చెప్పని నాలుగైదు మాటలు అనుకోండి మేడమ్ అని చెప్పి బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను. అద్దంలోంచి ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం కనిపిస్తుంటే అటు తిరిగి నిలబడ్డాను. పావుగంట పట్టింది. "ఇక రా బాబూ, అయింది" అని పిలిచాక లోపలికి వెళ్లాను.